ఆరడుగుల మూడంగుళాల మనిషికి సైకిల్ ఫ్రేము ఎలా ఎంచుకోవాలి?

మాది కనగానపల్లి. ధర్మవరం వాళ్లకీ పెనుకొండ వాళ్లకీ తెలుసు. మిగతా ఫ్రెండ్స్‌కి "అనంతపురం దగ్గర" అని చెప్తా. 2022 నుంచి మేము శ్రీ సత్యసాయి జిల్లా అయిపోయాం కానీ నోటికి పాత పేరే వస్తుంది. నా ఎత్తు ఆరడుగుల మూడంగుళాలు, అంటే దాదాపు 190 సెంటీమీటర్లు. బస్సులో తల వంచుకుని నిలబడే బ్యాచ్ అన్నమాట.

ఇంటర్‌లో ఉన్నప్పుడు నాకో గేర్ల సైకిల్ కొనిచ్చారు. అల్యూమినియం ఫ్రేము, ముందు సస్పెన్షన్, చూడ్డానికి సూపర్. సైజు సంగతి నేనూ అడగలేదు, అమ్మినాయనా చెప్పలేదు. ఎక్కితే మోకాళ్లు హ్యాండిల్‌కి తగిలేవి. మా ఫ్రెండ్ ఒకడు చూసి "రేయ్, సర్కస్‌లో ఎలుగుబంటి మాదిరి ఉండావు" అన్నాడు. దాంతో పౌరుషం వచ్చి సీటు రాడ్డు పైకి లాగా. ఇంకా లాగా. ఆ రాడ్డు మీద ఒక గీత ఉంటుంది, అది దాటి పైకి లాగకూడదని. నేను గీత దాటి నాలుగు వేళ్లు పైకి లాగేసి, హాయిగా ఉంది కదా అని ఎనిమిది నెలలు తొక్కా.

ఒక సాయంత్రం మామిళ్లపల్లి నుంచి ఇంటికొస్తుంటే కంకర మీద "టక్" మని సౌండ్. సీటు వెనక్కి ఒరిగిపోయింది, నేను రోడ్డు పక్కన కంపల్లో పడ్డా. మోచేతికి నాలుగు కుట్లు. సీటు రాడ్డు దూరే గొట్టం పైభాగం నిలువునా చీలిపోయింది. వెల్డింగ్ షాపుకి తీసుకెళ్తే ఆయన ఒక్క చూపు చూసి "ఇది అల్యూమినియం ప్పా. గ్యాసు పెడితే కారిపోతాది" అన్నాడు. గీత దాటి లాగింది నేనే కాబట్టి వారంటీ కూడా లేదు. పధ్నాలుగు వేలు మట్టిపాలు.

ఈ సంవత్సరం మళ్లీ అడిగితే మా నాయన ఒకటే మాట చెప్పాడు. "ఈతూరి కొంటే ఒగటే. మళ్ల నన్నడగద్దు. బాగా కొల్చుకోని కొనుక్కో." శెనక్కాయ పంట డబ్బుల్లోంచి ఇస్తానన్నాడు. మా వైపు ఆ పంట ఏ ఏడు చేతికొస్తుందో, ఏ ఏడు రాదో ఎవరూ చెప్పలేరు. కాబట్టి ఈసారి నిజంగానే కొలిచా. సెమిస్టర్ మధ్యలో రెండు నెలలు ఖర్చు పెట్టి నేర్చుకున్నదే ఈ వ్యాసం. మీరు పొడుగ్గా ఉంటే నేరుగా పనికొస్తుంది. పొట్టిగా ఉన్నా లెక్క అదే, నంబర్లు మాత్రం మారతాయి.

హార్డ్‌టెయిల్ అంటే ఏంటి, మనకెందుకు?

ముందు ఫోర్కులో స్ప్రింగో గాలో ఉండి, వెనక మాత్రం ఏ సస్పెన్షనూ లేని మౌంటెన్ బైక్‌ని హార్డ్‌టెయిల్ అంటారు. వెనక కూడా సస్పెన్షన్ ఉంటే ఫుల్ సస్పెన్షన్. అందులో బేరింగులు, పివట్లు, షాక్ అన్నిటికీ సర్వీస్ కావాలి. మా ఊళ్లో పంచర్ వేయించుకోవడానికే షాపు తెరిచే దాకా ఆగాలి, ఇంక షాక్ సర్వీస్ ఎక్కడ? హార్డ్‌టెయిల్‌కి వెనక కదిలే భాగాలు లేవు కాబట్టి పాడయ్యేదీ తక్కువే. పైగా క్యారియర్ బిగించుకోవచ్చు, రోడ్డు మీద తొక్కితే బలం వృథా పోదు, అదే డబ్బుకి మంచి పార్టులు వస్తాయి.

ఈ మౌంటెన్ బైక్ పుట్టుక కూడా ఏమంత గొప్పింటిది కాదు. 1970లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో, మారిన్ కౌంటీ కుర్రాళ్లు పాతసామాను సైకిళ్లకి లావు టైర్లు వేసుకుని కొండ దిగేవాళ్లు. 1976 అక్టోబర్ 21న మొదటిసారి పోటీ పెట్టుకున్నారు. దాని పేరు రీప్యాక్. ఒకసారి దిగేసరికి వెనక హబ్బులోని బ్రేకు గ్రీజంతా కాలిపోయేది, మళ్లీ గ్రీజు నింపాల్సి వచ్చేది, అందుకే ఆ పేరు. తర్వాత జో బ్రీజ్ అనే ఆయన ఆ పని కోసమే ప్రత్యేకంగా ఫ్రేము చేశాడు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్ పేరుతో పెద్ద సంఖ్యలో అమ్మడం మొదలుపెట్టింది. అవన్నీ ముందు కూడా సస్పెన్షన్ లేని మామూలు ఫ్రేములే.

మన వైపు కొండలకి కూడా ఇదే సరిపోతుంది. పెనుకొండ కోట కొండ మీద బండరాళ్లు, రామగిరి వైపు గాలిమరల దగ్గర మట్టి దార్లు, చేలల్లో ఎర్రమట్టి బాటలు, మధ్యలో సిమెంటు రోడ్లు, ఆ పక్కనే ఎన్‌హెచ్ 44. ఒకే రోజులో ఇవన్నీ తొక్కాల్సి రావచ్చు. 2024 అక్టోబర్ వానలకి మా చెరువుకి గండి పడి పండమేరు వంక పొంగినప్పుడు వార్తల్లో చూసే ఉంటారు. అట్లాంటి వాన తర్వాత మట్టి బాటల్లో మట్టి పోయి రాళ్లే మిగులుతాయి. అందుకే నాకు కావాల్సింది రేసు సైకిల్ కాదు, అన్ని పనులకీ పనికొచ్చే సైకిల్.

తాత అట్లాస్ నాకు సరిపోయింది!

సైకిల్ విరిగిన తర్వాత కొన్నాళ్లు మా తాత పాత అట్లాస్ తొక్కా. ఆశ్చర్యం ఏంటంటే అది నాకు చక్కగా సరిపోయింది. ఎందుకో తర్వాత తెలిసింది. ఆ నల్ల సైకిళ్లు 22 అంగుళాలు, 24 అంగుళాలు అని రెండు సైజుల్లో వచ్చేవి. తాతది 24. చిన్నప్పుడు బారు కింద నుంచి కాలు దూర్చి తొక్కింది ఈ పెద్ద ఫ్రేమునే.

ఇంకో విషయం. టైరు మీద 28×1½ అని ఉంటుంది. దాని రిమ్ము మీద టైరు కూర్చునే చోట వ్యాసం 635 మిల్లీమీటర్లు. ఇప్పుడు గొప్పగా చెప్పుకునే 29 అంగుళాల మౌంటెన్ బైక్ రిమ్ము ఎంతో తెలుసా? 622. అంటే రిమ్ము చూస్తే తాత సైకిలే పెద్దది! 29 టైరు లావుగా ఉంటుంది కాబట్టి మొత్తం చక్రం పెద్దదవుతుంది, అంతే. 27.5 చక్రానికి 584, పాత 26 చక్రానికి 559. అంగుళాల పేర్లు మార్కెటింగ్‌వి. టైరు పక్కన చిన్న అక్షరాలతో ఉండే మిల్లీమీటర్ల నంబరే అసలుది.

పొడుగు వాళ్లకి 29 చక్రమే మంచిది. గుంటల మీద, రాళ్ల మీద తేలిగ్గా దొర్లుతుంది. పొట్టి వాళ్లకి అది కాళ్ల మధ్య ఇబ్బంది కావచ్చు. అందుకే కొన్ని కంపెనీలు ఒకే మోడల్‌లో చిన్న సైజులకి 27.5, పెద్ద సైజులకి 29 పెడతాయి.

ముందు మనల్ని మనం కొలుచుకోవాలి

ఎత్తు ఒక్కటే తెలిస్తే సరిపోదు. ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకడికి కాళ్లు పొడుగు, ఇంకొకడికి నడుము పై భాగం పొడుగు ఉండొచ్చు. కాలి లోపలి కొలత తీసుకోవాలి. చెప్పులు విప్పి గోడకి ఆనుకుని, పాదాలు కొంచెం ఎడంగా పెట్టి నిలబడండి. ఒక లావు పుస్తకాన్ని కాళ్ల మధ్య పెట్టి, సీటు మీద కూర్చున్నట్టు అనిపించేంత గట్టిగా పైకి నొక్కండి. పుస్తకం పై అంచు నుంచి నేల దాకా కొలవండి. నాకు ఇంజనీరింగ్ మ్యాథ్స్ పుస్తకం మొదటిసారి ఉపయోగపడింది ఇక్కడే.

నాకు వచ్చింది 91 సెంటీమీటర్లు. దీన్ని 0.883తో గుణిస్తే, పెడల్ తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైదాకా ఉండాల్సిన దూరం ఇంచుమించుగా వస్తుంది. ఆ ఇరుసు ఉండే చోటుని బాటమ్ బ్రాకెట్ అంటారు, షాపులో బిబి అంటారు. 91 × 0.883 అంటే దాదాపు 80 సెంటీమీటర్లు. ఇది కచ్చితమైన సూత్రం కాదు, మొదలుపెట్టడానికి ఒక అంచనా. సీటు ఇంతకంటే బాగా కిందుంటే మోకాలు ఎక్కువగా ముడుచుకుని, మోకాలి చిప్ప ముందు భాగంలో నొప్పి మొదలవుతుంది. నా మొదటి సైకిల్‌తో నాకు వచ్చింది అదే. అప్పుడు "వ్యాయామం లేక" అనుకున్నా.

సైజు అంటే సీటు గొట్టం పొడవు కాదు

ఒకప్పుడు బారు నేలకి సమాంతరంగా ఉండేది కాబట్టి సీటు గొట్టం ఎంత పొడవైతే ఫ్రేము అంత పెద్దది అనుకుంటే సరిపోయేది. 24 అంగుళాలంటే 24 అంగుళాలే. ఇప్పుడు బారు వెనక్కి వాలి ఉంటుంది. సీటు గొట్టాన్ని కావాలనే పొట్టిగా చేస్తారు. కాబట్టి 18, 20, 21 అంగుళాలనే నంబర్లతో ఏమీ తేలదు. ఎల్, ఎక్స్‌ఎల్ అనేవి ఇంకా ఘోరం. ఒక కంపెనీ ఎల్, ఇంకో కంపెనీ ఎక్స్‌ఎల్ కంటే పెద్దగా ఉండొచ్చు. చొక్కాల లాగే.

అందుకే ప్రతి కంపెనీ ఇచ్చే జ్యామితి పట్టిక చూడాలి. అందులో బోలెడు నంబర్లుంటాయి. పొడుగు వాళ్లు ముందు చూడాల్సినవి నాలుగు: రీచ్, స్టాక్, సీటు కోణం, చైన్‌స్టే.

రీచ్, స్టాక్

బిబి మధ్య నుంచి ఒక నిలువు గీత గీయండి. హ్యాండిల్ గొట్టం పై చివర దాకా ఆ గీత నుంచి అడ్డంగా ఎంత దూరమో అది రీచ్. బిబి నుంచి ఆ చివర దాకా నిలువుగా ఎంత ఎత్తో అది స్టాక్. మనకి తెలిసిన భాషలో చెప్పాలంటే బిబి ఆరిజిన్, రీచ్ ఎక్స్, స్టాక్ వై. అంతే.

పెడళ్ల మీద నిలబడి తొక్కేటప్పుడు సైకిల్ ఎంత పొడవుగా అనిపిస్తుందో రీచ్ చెప్తుంది. కూర్చుని తొక్కేటప్పుడు ఎంత పొడవో చెప్పేది ఎఫెక్టివ్ టాప్ ట్యూబ్. చాలామంది ఆ ఒక్క నంబరు చూసి కొంటారు. అక్కడే మోసం ఉంది. దాని లెక్క ఇది: రీచ్‌కి, స్టాక్‌ని సీటు కోణం టాంజెంట్‌తో భాగిస్తే వచ్చేది కలపాలి.

ఉదాహరణకి రెండు ఫ్రేములు, రెండిటికీ స్టాక్ 650. మొదటి దానికి రీచ్ 450, సీటు కోణం 73 డిగ్రీలు. 450 + 199 = 649. రెండోదానికి రీచ్ 475, సీటు కోణం 75 డిగ్రీలు. 475 + 174 = 649. టాప్ ట్యూబ్ రెండిటికీ ఒకటే! కానీ నిలబడితే ఒకటి ఇంకోదానికంటే రెండున్నర సెంటీమీటర్లు ఇరుకు. దిగుడులో ఆ రెండున్నర సెంటీమీటర్ల తేడా బాగా తెలుస్తుంది.

స్టాక్ గురించి షాపులో ఎవరూ మాట్లాడరు, కానీ పొడుగు వాళ్ల నడుము నొప్పికి ఎక్కువగా అదే కారణం. నా సీటు బిబికి దాదాపు 77 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. స్టాక్ 63 సెంటీమీటర్లు ఉంటే, స్పేసర్లు, స్టెమ్, పైకి వంగిన హ్యాండిల్ అన్నీ కలిపి ఇంకో ఆరు వేసుకున్నా హ్యాండిల్ 69 దగ్గర ఆగుతుంది. సీటు కంటే ఎనిమిది సెంటీమీటర్లు కిందికి వంగాలి. పది కిలోమీటర్లు పర్లేదు, నలభై తొక్కితే మెడ పట్టేస్తుంది. "స్పేసర్లు వేసుకో" అంటారు. వేసుకోవచ్చు. కానీ హ్యాండిల్ గొట్టం వాలుగా ఉంటుంది కదా, 66 డిగ్రీల కోణంలో 10 మిల్లీమీటర్ల స్పేసర్ వేస్తే రీచ్ 4 మిల్లీమీటర్లు తగ్గుతుంది. పైగా ఫోర్కు గొట్టం ఎంత పొడవుంటే అంతవరకే వేయగలం. దానికంటే పైకి వంగిన హ్యాండిల్ మార్చుకోవడం మేలు.

సీటు కోణం: పొడుగు వాళ్లకి జరిగే అసలు అన్యాయం

ఈ భాగం అర్థమయ్యాక నాకు కోపం వచ్చింది. మీకూ రావచ్చు.

సీటు గొట్టం వెనక్కి వాలి ఉంటుంది. కాబట్టి సీటు పైకి లాగే కొద్దీ అది వెనక్కి కూడా పోతుంది. 73 డిగ్రీల ఫ్రేము మీద 80 సెంటీమీటర్ల ఎత్తున నా సీటు బిబికి 23.4 సెంటీమీటర్లు వెనక ఉంటుంది. కాలి కొలత 77 ఉన్న నా రూమ్మేట్ సీటు ఎత్తు 68. అదే కోణంలో వాడి సీటు 19.9 మాత్రమే వెనక ఉంటుంది. మూడున్నర సెంటీమీటర్లు తేడా.

ఇప్పుడు వెనక చక్రం సంగతి. బిబి నుంచి వెనక ఇరుసు దాకా ఉండే గొట్టం చైన్‌స్టే. చాలా కంపెనీలు చిన్న సైజుకీ పెద్ద సైజుకీ ఒకే చైన్‌స్టే పెడతాయి. 435 మిల్లీమీటర్లు అనుకుందాం. బిబి ఇరుసు కంటే 60 మిల్లీమీటర్లు కింద ఉంటుంది కాబట్టి పైథాగరస్ ప్రకారం అడ్డంగా 431 వస్తుంది. నా రూమ్మేట్ వెనక ఇరుసుకి 232 మిల్లీమీటర్లు ముందు కూర్చుంటాడు. నేను 197 మిల్లీమీటర్లే ముందు. అంటే నా బరువు దాదాపు వెనక చక్రం మీదే. ఎక్కుడు వచ్చేసరికి ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. పెనుకొండ ఎక్కేటప్పుడు ముందు చక్రం అటూ ఇటూ ఊగితే నాకు బలం లేదనుకున్నా. బలం కాదు, త్రికోణమితి.

దీనికి మందు రెండు రకాలు. సీటు కోణం నిటారుగా, అంటే 75 లేదా 76 డిగ్రీలు ఉండాలి. చైన్‌స్టే కొంచెం పొడవు, 440 నుంచి 450 ఉండాలి. 75 డిగ్రీలు, 445 చైన్‌స్టే వేసి లెక్క కట్టా: 441 నుంచి 207 తీసేస్తే 234. అంటే నా రూమ్మేట్‌కి మామూలు ఫ్రేము మీద ఫ్రీగా దొరికే బ్యాలెన్స్ నాకు దొరకాలంటే ఈ రెండూ మారాలి. ఇప్పుడు కొన్ని కంపెనీలు సైజు పెరిగే కొద్దీ చైన్‌స్టే కూడా పెంచుతున్నాయి. అలాంటివి దొరికితే వదలకండి.

ఒక చిన్న జాగ్రత్త. కొన్ని ఫ్రేముల్లో సీటు గొట్టం కింద వంగి ఉంటుంది. పట్టికలో 75 అని రాసినా, గొట్టం అసలు వాలు 71 ఉండొచ్చు. సీటు మామూలు ఎత్తులో ఉన్నప్పుడే ఆ 75 నిజం. నాలా పైకి లాగితే సీటు లెక్కకంటే వెనక్కి పోతుంది. అందుకే తిన్నని సీటు గొట్టం ఉన్న ఫ్రేము పొడుగు వాళ్లకి క్షేమం.

హ్యాండిల్ కోణం

ముందు గొట్టం ఎంత వాలుగా ఉంటే దిగుడులో అంత ధైర్యంగా ఉంటుంది, ఎక్కుడులో, మెల్లగా పోయేటప్పుడు అంత బద్ధకంగా తిరుగుతుంది. 69, 70 డిగ్రీలుంటే చురుకు. 64 ఉంటే కొండ దిగడానికే. అన్ని పనులకీ కావాలంటే 66, 67 మధ్య బాగుంటుంది. హార్డ్‌టెయిల్‌లో ఇంకో కిటుకు ఉంది. మనం ఎక్కి కూర్చోగానే ముందు ఫోర్కు మాత్రమే దిగుతుంది. 120 మిల్లీమీటర్ల ఫోర్కు 30 దిగితే కోణం ఒక డిగ్రీ పైనే నిటారవుతుంది. పట్టికలో 66 అని ఉంటే తొక్కేటప్పుడు 67 అనుకోండి. అలాగని ఫ్రేముకి చెప్పినదానికంటే పొడవు ఫోర్కు బిగించకండి. ముందు గొట్టం అతుకుల మీద ఒత్తిడి పెరుగుతుంది, వారంటీ పోతుంది. వారంటీ పోతే ఎలా ఉంటుందో నన్నడగండి.

అన్ని పనులకీ అంటే బొక్కలు చూడాలి

నవ్వకండి, నిజమే. ఫ్రేము మీద స్క్రూ బొక్కలు ఎన్ని, ఎక్కడ ఉన్నాయో చూడాలి. వెనక క్యారియర్ కోసం కింద రెండు, పైన రెండు. మడ్‌గార్డ్ కోసం. రెండు నీళ్ల సీసాల కోసం, ఎందుకంటే మా వైపు ఏప్రిల్‌లో ఒక సీసా పావుగంటకి రాదు. రేషన్ బియ్యం తేవాలన్నా, సెలవుల్లో హంపి దాకా పోవాలన్నా క్యారియర్ ఉండాల్సిందే.

తర్వాత టైరుకి చోటు. 2.4 అంగుళాల టైరు పట్టి, పక్కన వేలు దూరేంత సందు ఉండాలి. నల్లరేగడి బురద టైరుకి అంటుకుంటే ఆ సందే కాపాడుతుంది. ఇక ముళ్లు. కంప ముల్లు, పల్లేరు కాయ, ఈ రెండూ ఉన్న ఊళ్లో ట్యూబులు పెట్టుకుని తొక్కడమంటే పంచర్ షాపు ఆయనతో చుట్టరికం కలుపుకోవడమే. ట్యూబ్‌లెస్‌కి పనికొచ్చే రిమ్ములు ఉంటే లోపల సీలెంట్ అనే పాలలాంటి ద్రవం పోస్తారు, చిన్న ముల్లు బొక్కని అదే పూడ్చేస్తుంది.

ఇంకో మూడు కొలతలు గుర్తుపెట్టుకోండి. ముందు గొట్టం కింద లావుగా, పైన సన్నగా ఉంటే మంచి ఫోర్కులు దొరుకుతాయి, కింద నుంచి పైదాకా ఒకటే సన్నం అయితే రాను రాను దొరకడం కష్టం. బిబి మరలతో బిగించే రకం అయితే మామూలు మెకానిక్ కూడా మార్చగలడు, నొక్కి దించే రకం అయితే ప్రత్యేక పనిముట్టు కావాలి. వెనక ఇరుసు పాత రకం 135, తర్వాతది 142, ఇప్పటిది 148. ఇక్కడే నేను ఇంకోసారి మోసపోబోయా. ఫ్రేము మాత్రం సెకండ్ హ్యాండ్‌లో కొని, విరిగిన సైకిల్ పార్టులన్నీ దానికి వేద్దామనుకున్నా. పాత వెనక చక్రం 135, ఫ్రేము 148. సీటు రాడ్డు 27.2, ఫ్రేముకి 30.9 కావాలి. ఫోర్కు గొట్టం వేరు. లెక్క వేస్తే పన్నెండు వేల ఫ్రేముకి ఇరవై రెండు వేల పార్టులు. మనలాంటి స్టూడెంట్లకి ఫ్రేము విడిగా కొనడం కంటే మంచి ఫ్రేము ఉన్న పూర్తి సైకిల్ కొనడమే చవక. పార్టులు అరిగే కొద్దీ మార్చుకోవచ్చు, ఫ్రేము మాత్రం అదే ఉంటుంది.

స్టీలా, అల్యూమినియమా?

అల్యూమినియం తేలిక, తుప్పు పట్టదు, చవక. కానీ వెల్డింగ్ అయ్యాక ఫ్యాక్టరీలో వేడి చేసి గట్టిపరుస్తారు. అందుకే విరిగితే బయట అతికించినా ఆ బలం రాదు. వెల్డింగ్ షాపు ఆయన చెప్పింది అక్షరాలా నిజం. క్రోమోలీ అనే మంచి స్టీలు కొంచెం బరువు, కొంచెం ఖరీదు, లోపల నూనె పూయకపోతే తుప్పు. కానీ కొంచెం సాగే గుణం వల్ల వెనక సస్పెన్షన్ లేని లోటు కాస్త తగ్గిస్తుంది, చేయి తిరిగినవాడు దొరికితే అతికించగలడు. కార్బన్ గురించి నేను మాట్లాడను, మా నాయన చదువుతున్నాడేమో.

పొడుగు వాళ్ల విషయంలో ఒకటి గుర్తుంచుకోండి. పెద్ద ఫ్రేము అంటే పొడవైన గొట్టాలు, పైన ఎక్కువ బరువు, పైకి లాగిన సీటు రాడ్డు. ఆ రాడ్డు ఒక గడ్డపార లాగా పనిచేసి సీటు గొట్టం నోటిని చీల్చాలని చూస్తుంది. కాబట్టి పొడవైన సీటు రాడ్డు కొనండి, 400 మిల్లీమీటర్లకి తక్కువ వద్దు. గీత లోపలే ఉండాలి. గీత కనబడకపోయినా రాడ్డు బారు అతుకు దాటి కిందికి దిగి ఉండాలి. నా మొదటి ఫ్రేము కథ అంతా ఈ ఒక్క పేరాలో ఉంది.

చివరికి ఏం చేశా?

బెంగళూరులో రెండు సైకిళ్లు నా బడ్జెట్‌లో దొరికాయి. రెండూ ఎక్స్‌ఎల్, రెండూ 29. మొదటి దానికి గేర్లు, బ్రేకులు మంచివి. కానీ రీచ్ 450, స్టాక్ 630, సీటు 73, చైన్‌స్టే 435. రెండోదానికి పార్టులు ఒక మెట్టు తక్కువ. రీచ్ 480, స్టాక్ 655, సీటు 75, చైన్‌స్టే 445. రెండు నెలల కిందటైతే కళ్లు మూసుకుని మొదటిది తీసుకునేవాణ్ణి. షాపులో ఆయన కూడా అదే తీసుకోమన్నాడు. నేను టేపు తీసి సీటు 80కి పెట్టించి రెండూ తొక్కి చూశా. దగ్గర్లో ఉన్న ఫ్లైఓవర్ ఎక్కుడు చాలు, తేడా తెలిసిపోయింది. రెండోదే తెచ్చుకున్నా.

మీరు షాపుకి పోతే అడగాల్సింది "నా ఎత్తుకి ఏ సైజు?" అని కాదు. "రీచ్ ఎంత, స్టాక్ ఎంత, సీటు కోణం ఎంత?" అని. తెలియదంటే కంపెనీ సైట్లో పట్టిక ఉంటుంది, మీరే చూసుకోండి. పట్టికే లేకపోతే ఆ సైకిల్ వదిలేయండి. సీటు మీ ఎత్తుకి పెట్టించి, గీత కనబడుతోందా లేదా చూసి, కనీసం పది నిమిషాలు తొక్కి, ఒక ఎక్కుడు ఎక్కాకే డబ్బులివ్వండి.

దసరా సెలవుల్లో కొత్త సైకిల్ ఊరికి తీసుకెళ్లా. మా నాయన చుట్టూ ఒకసారి తిరిగి, సీటు రాడ్డు దగ్గర వంగి, గీత ఎక్కడుందో వేలితో తడిమి చూశాడు. లోపలే ఉంది. ఏమీ అనలేదు. మా తాత మాత్రం బారు మీద చేయి వేసి "ఇరవై నాలుగేనా ఇది?" అని అడిగాడు. పంతొమ్మిదిన్నర తాతా, కానీ నీ దానికంటే పెద్దది అన్నా. ఆయనకి ఎందుకో అర్థం చేయించడానికి మళ్లీ రీచ్ దగ్గర నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది.

మీలో ఎవరికైనా కొలుచుకోవాలని ఉంటే హాస్టల్‌కి రండి. టేపు నా దగ్గర ఉంది. లావు పుస్తకం మాత్రం మీరే తెచ్చుకోండి, నాది రూమ్మేట్ తీసుకెళ్లాడు.